కాళ్లకు డాప్లర్ రాశారా? లోపల ఏం చేస్తారు, రిపోర్టులో ఏం చూడాలి

మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి 64 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్. ఎడమ చీలమండ లోపలి వైపు మూడు నెలలుగా మానని పుండు, సాయంత్రమయ్యేసరికి కాలు వాపు. సర్జన్ గారు రెండు కాళ్లకూ ఆర్టీరియల్ (ధమనుల) డాప్లర్, వీనస్ (సిరల) డాప్లర్ రెండూ రాశారు. నొప్పి ఉంటుందా, ఇంజెక్షన్ ఇస్తారా, పరగడుపున వెళ్లాలా, ఒకటి చాలదా, రిపోర్టు ఎలా అర్థం చేసుకోవాలి అని అడిగారు. అమెరికాలో మీ అక్కగారికి ఇదే పరీక్ష చేసినావిడ ఒక్క మాట కూడా చెప్పలేదట, ఇక్కడా అంతేనా అని కూడా రాశారు. నేను రేడియాలజిస్టుని. కోస్తా జిల్లాల్లో చాలా ఏళ్లుగా రోజూ చేస్తున్న పని ఇదే కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు చిన్న ప్రశ్నలు తేల్చేద్దాం. సూది ఉండదు, మందు ఎక్కించరు, రేడియేషన్ లేదు. గర్భిణులకి పొట్ట మీద పెట్టి చూసే స్కానింగ్ మిషన్ లాంటిదే ఇదీ. కాకపోతే రక్తనాళం ఆకారంతో పాటు అందులో రక్తం ఎటు వెళ్తోందో, ఎంత వేగంతో వెళ్తోందో కూడా కొలుస్తాం. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగాల్లో మార్పు కనిపిస్తుందని 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించాడు, పరీక్షకి ఆయన పేరే నిలిచింది. ఇక్కడ కదిలేవి మన ఎర్ర రక్తకణాలు.

కాళ్ల డాప్లర్‌కి పరగడుపు అక్కర్లేదు. స్కానింగ్ అంటే ఖాళీ కడుపే అనుకుని, ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకుండా వచ్చి, బయట కుర్చీలో చెమటలు పట్టి కళ్లు తిరిగినవాళ్లని చూశాను. నాన్నగారికి టిఫిన్ పెట్టి, ఎప్పటి మాత్రలు అప్పుడు వేయించి తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే అవీ ఆపొద్దు. పొట్టలోని బృహద్ధమని, కిడ్నీలకి వెళ్లే ధమనులు చూడాల్సి వస్తేనే ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినొద్దంటాం, పేగుల్లో గాలి ఉంటే అల్ట్రాసౌండ్ దాన్ని దాటి లోపలికి పోదు కాబట్టి. ఎప్పుడైనా అది రాస్తే పొద్దున మొదటి టైమ్ అడిగి తీసుకోండి. ఆ రోజు ఇన్సులిన్ ఎంత వేయాలో ముందే డాక్టర్ని అడగండి.

ఇక రెండు పరీక్షలు ఎందుకన్నది. మీ మొత్తం ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇదే.

ధమనులు గుండె నుంచి కాలికి రక్తం తీసుకొస్తాయి, సిరలు తిరిగి పైకి తీసుకెళ్తాయి. చీలమండ లోపలి వైపు పుండు, సాయంత్రం వాపు, చుట్టూ చర్మం నల్లబడటం, ఇవన్నీ కలిస్తే సాధారణంగా సిరల జబ్బు. సిరల్లో ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటి కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కిందికి జారి చీలమండ దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, చర్మం దెబ్బతింటుంది. దీనికి వైద్యంలో మొదటి మెట్టు కాలికి బిగుతుగా కట్టు కట్టడం. అయితే పదిహేనేళ్ల షుగర్ ఉన్న మనిషికి ధమనులు కూడా పూడుకుపోయి ఉండొచ్చు. అసలే తక్కువ రక్తం అందుతున్న కాలికి బిగుతు కట్టు కడితే ఆ ఉన్న కాస్తా ఆగిపోతుంది. పుండు పెద్దదవుతుంది, వేళ్లు నల్లబడతాయి, కాలే పోగొట్టుకునే పరిస్థితి రావచ్చు. అందుకే మీ సర్జన్ గారు కట్టు కట్టడానికి ముందే ధమనుల సంగతి తేల్చుకుంటున్నారు. బిల్లు పెంచడానికి రాసిన పరీక్షేమోనని మీరు రాశారు. కాదండీ, మంచి డాక్టర్ చేసే పనే ఇది. రిపోర్టు వచ్చేదాకా మందుల షాపులో దొరికే బిగుతు సాక్సులు మాత్రం కొని తొడగొద్దు.

వెళ్లేటప్పుడు నాన్నగారికి లుంగీ గానీ పంచె గానీ కట్టండి. గజ్జ దగ్గర నుంచి పాదం దాకా చూడాలి కాబట్టి ప్యాంటుతో వస్తే తీయించి దుప్పటి కప్పాల్సి వస్తుంది. ఆడవాళ్లకైతే వదులు నైటీ మేలు. గజ్జల దాకా చూసేటప్పుడు పక్కన ఆడ నర్సునో ఆయానో ఉంచమని అడగండి, మొహమాటం అక్కర్లేదు, అది మీ హక్కు. పాత తువ్వాలు ఒకటి పట్టుకెళ్లండి. జెల్ చాలా రాస్తాం, కాగితంతో తుడిస్తే పూర్తిగా పోదు. నీళ్లతో కడిగితే పోతుంది, బట్టలకి మరక అంటదు. దుప్పటి కూడా ఒకటి ఉంచుకోండి. మిషన్ల కోసం ఏసీ గట్టిగా పెడతారు. చలికి సిరలు ముడుచుకుని సన్నబడతాయి, పాదాలు చల్లబడితే ధమనుల్లో రక్తప్రవాహం తీరు కూడా మారుతుంది. దాహం వేసినా తాగకుండా కూర్చోబెట్టొద్దు, ఒంట్లో నీళ్లు తగ్గినా సిరలు సన్నగా కనిపిస్తాయి. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటుంటే పరీక్షకి ముందు రెండు గంటలైనా తాగనివ్వొద్దు.

పుండు ఉంది కాబట్టి ఇంకో సంగతి. కట్టు విప్పాలి. రోజూ డ్రెస్సింగ్ చేసే టైమ్‌కి దగ్గరగా అపాయింట్‌మెంట్ తీసుకుని, డ్రెస్సింగ్ సామాను వెంట తెచ్చుకుంటే పరీక్ష అవగానే మళ్లీ కట్టించుకోవచ్చు. స్కానింగ్ సెంటర్లలో గాజ్ గుడ్డ, కట్టు గుడ్డ అన్నిచోట్లా ఉండవు. పుండు మీద నేరుగా ప్రోబ్ (చర్మం మీద ఆనించి చూసే పరికరం) పెట్టరు. దగ్గర్లో చూడాల్సి వస్తే ప్రోబ్‌కి శుభ్రమైన ప్లాస్టిక్ తొడుగు వేయమని అడగండి. ఒకరి పుండు తడి ఇంకొకరికి అంటకుండా అది చాలా అవసరం.

లోపలికి వెళ్లాక ఏం జరుగుతుందంటే, ముందు పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెడతారు. మెట్లెక్కి వచ్చిన వెంటనే కొలిస్తే అంకెలు తప్పుగా వస్తాయి. తర్వాత రెండు చేతులకీ, రెండు చీలమండలకీ బీపీ పట్టీ కట్టి, చిన్న డాప్లర్ పెన్నుతో నాడి శబ్దం వింటూ బీపీ చూస్తారు. దీన్ని ఏబీఐ అంటారు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె అది. ఉదాహరణకి చేతికి 140, చీలమండకి 96 వస్తే 96ని 140తో భాగిస్తే సుమారు 0.69. మామూలుగా 1.0 నుంచి 1.4 మధ్య ఉండాలి. 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు. మధ్యలో ఉంటే సరిహద్దు.

షుగర్ ఉన్నవాళ్ల దగ్గర ఈ అంకె మోసం చేస్తుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కాలి ధమనుల గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా ధమని నొక్కుకోదు. అప్పుడు చీలమండ బీపీ 220 చూపిస్తుంది, లెక్క 1.57 వస్తుంది. చూసినవాళ్లు ఒకటికి పైనే ఉంది కదా, బ్రహ్మాండం అనుకుంటారు. 1.4 దాటిందంటే బాగుందని అర్థం కాదు, ఆ కొలత నమ్మడానికి లేదని అర్థం. అలాంటప్పుడు కాలి బొటనవేలికి చిన్న పట్టీ కట్టి బీపీ చూడాలి, వేలి ధమనులకి ఈ గట్టిదనం అంతగా రాదు. బొటనవేలి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.7 కంటే తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టే. వేలి బీపీ 30 లోపు పడిపోతే, రక్తం అందేలా ఏదైనా చేస్తే తప్ప పుండు మానడం కష్టం. ఈ సదుపాయం అన్ని సెంటర్లలో లేదు. నాన్నగారి వయసు, షుగర్ చూస్తే ఇది అవసరం పడేలా ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే బొటనవేలి ప్రెషర్ కూడా చూస్తారా అని ఫోన్‌లో అడిగి వెళ్లండి.

తర్వాత జెల్ రాసి గజ్జ నుంచి పాదం దాకా ధమనులు చూస్తారు. ఇందులో నొప్పేమీ లేదు. ప్రోబ్ ఒకే చోట కాసేపు ఆగితే కంగారు పడొద్దు, వేగం కొలవడానికి అలా ఆపుతాం. తెర మీద ఎరుపు, నీలం రంగులు కనిపిస్తాయి. 'డాక్టర్ గారూ, ఆ నీలంగా ఉన్నది చెడు రక్తమా?' అని దాదాపు అందరూ అడుగుతారు. కాదు. రక్తం ప్రోబ్ వైపు వస్తుంటే ఒక రంగు, దూరంగా పోతుంటే ఇంకో రంగు, అంతే. మీట నొక్కి ఆ రంగుల్ని మేమే అటుదిటు చేసుకోవచ్చు. శబ్దం కూడా వస్తుంది. ధమని దగ్గర గుండె కొట్టుకునే లయలో గట్టిగా, సిర దగ్గర ఊపిరితో పాటు పెరుగుతూ తగ్గుతూ సుయ్‌మని వినిపిస్తుంది. శబ్దం పెద్దగా వచ్చిందని జబ్బు పెద్దదేమో అనుకోవద్దు.

సిరల పరీక్షలో మొదటి భాగం రక్తం గడ్డ కట్టిందేమో చూడటం. గజ్జ దగ్గర మొదలుపెట్టి, తొడ పొడవునా, మోకాలి వెనక, పిక్కలో, అంగుళం అంగుళం జరుగుతూ ప్రోబ్‌తో నొక్కుతాం. మామూలు సిర నొక్కితే రెండు గోడలూ కలిసిపోయి తెర మీద మాయమవుతుంది, వదలగానే మళ్లీ తెరుచుకుంటుంది. లోపల గడ్డ ఉంటే నొక్కినా మూసుకోదు. ఇంత చిన్న పనే ఈ పరీక్షకి ప్రాణం. రంగులు, శబ్దాలు అన్నీ దీని తర్వాతే. వాచి ఉన్న కాలిని నొక్కితే కొంచెం నొప్పిగా ఉంటుంది, నిజమే. నాన్నగారు ఓర్చుకోలేకపోతే చెప్పమనండి, కాస్త ఆగి చేస్తారు. నొక్కితే గడ్డ ఊడి గుండెకి పోదా అని కొందరు భయపడతారు. అలా జరగడం చాలా చాలా అరుదు. గడ్డ కనిపించిన చోట మళ్లీ మళ్లీ నొక్కరు కూడా.

రెండో భాగం కవాటాల పరీక్ష. ఇది నిలబెట్టి చేయాలి. దీని గురించి గట్టిగానే చెప్తాను, ఎందుకంటే పని ఒత్తిడి ఉన్న చోట పడుకోబెట్టే ముగించి పంపేస్తుంటారు. పడుకున్నప్పుడు సిరల మీద రక్తం బరువు పడదు, పాడైన కవాటం కూడా బాగున్నట్టే కనిపించవచ్చు. సరైన పద్ధతిలో అయితే రోగిని చిన్న స్టూలు మీద నిలబెట్టి, బరువంతా రెండో కాలి మీద వేయమని, చూసే కాలిని కొంచెం బయటికి తిప్పమంటాం. పిక్కని చేత్తో పిండి ఒక్కసారిగా వదిలేస్తాం. పిండినప్పుడు రక్తం పైకి వెళ్తుంది. వదిలాక వెనక్కి ఎంతసేపు జారిందో కొలుస్తాం. చర్మానికి దగ్గరగా ఉండే సిరల్లో అర సెకను దాటితే, తొడలోని లోపలి సిరల్లో ఒక సెకను దాటితే కవాటం పనిచేయట్లేదని లెక్క. గజ్జ దగ్గర చూసేటప్పుడు 'పెద్దాయనా, గట్టిగా దగ్గండి, ఊపిరి బిగబట్టి ముక్కండి' అంటాం, అదీ ఇందుకే. పెద్దవాళ్లకి ఎక్కువసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయి. నిలబడలేకపోతే మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి చేయొచ్చు, ఆ మాట అడగండి. మీరు పక్కన ఉండి పట్టుకోవడం మంచిది.

రెండు కాళ్లు, రెండు రకాల నాళాలు అన్నీ ఓపిగ్గా చూస్తే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఒక్క కాలిలో గడ్డ ఉందా లేదా అన్నంత వరకే అయితే పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. రెండు కాళ్లకీ ధమనులు, సిరలు అన్నీ పది నిమిషాల్లో ముగిస్తే మాత్రం 'నిలబెట్టి చూడలేదు కదండీ' అని మర్యాదగా అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా కాలు మీ నాన్నగారిది.

మీ అక్కగారి అనుభవం గురించి. అమెరికాలో ప్రోబ్ పట్టుకునేది ఎక్కువగా శిక్షణ పొందిన సోనోగ్రాఫర్. బొమ్మలు, కొలతలు తీసి పంపితే రేడియాలజిస్టో వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జనో చూసి రిపోర్టు రాస్తారు. ఫలితం చెప్పే అధికారం సోనోగ్రాఫర్‌కి ఉండదు కాబట్టి నోరు విప్పరు. మౌనంగా ఉన్నారంటే ఏదో చెడు కనిపించిందని కాదు. మన దగ్గర సాధారణంగా ప్రోబ్ పట్టుకునేది డాక్టరే, రిపోర్టు రాసేదీ ఆ డాక్టరే. సగం విషయం అక్కడే తెలుసుకోవచ్చు, మీరు చెప్పాల్సింది కూడా అక్కడే చెప్పొచ్చు. ఇది పెద్ద సౌకర్యం, వాడుకోండి.

చెప్పాల్సింది అంటే ఏమిటి? ఓపీ చీటీ మీద చాలాసార్లు 'బోత్ లోయర్ లింబ్ డాప్లర్' అని నాలుగు ముక్కలే ఉంటాయి. ఎందుకు చేయమన్నారో ఉండదు. పుండు ఎప్పటి నుంచి, ఎంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తోంది, ఆగితే తగ్గుతోందా, రాత్రి పడుకుంటే పాదం మండి కాలు కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటోందా, గతంలో గడ్డ కట్టిందా, గుండెకి బైపాస్ చేసినప్పుడు కాలి సిర తీశారా, ఈ మధ్య ఆపరేషన్ గానీ ఎక్కువ రోజులు మంచంలో ఉండటం గానీ జరిగిందా, ఇంట్లో ఎవరికైనా గడ్డలు కట్టే జబ్బుందా, ఇవి చెప్తే నేను ఎక్కడ ఎక్కువసేపు ఆగాలో తెలుస్తుంది. ఈ పరీక్ష ఫొటో తీసి పంపేది కాదు, వెతికేది. దేని కోసం వెతకాలో తెలిసిన డాక్టర్‌కి దొరికే విషయాలు తెలియని డాక్టర్‌కి దొరకవు. చెప్పాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. పాత రిపోర్టులు ఒక్కటి కూడా వదలకుండా తీసుకెళ్లండి.

రిపోర్టు సంగతికొద్దాం. ధమనుల భాగంలో 'ట్రైఫేజిక్' అని ఉంటే ప్రవాహం మామూలుగా ఉందని. 'బైఫేజిక్' పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఒక్కదానికే భయపడనక్కర్లేదు. 'మోనోఫేజిక్' అని ఉంటే, మామూలుగా ఆ చోటికి పైన ఎక్కడో ఇరుకో అడ్డో ఉందని. గజ్జ దగ్గర ట్రైఫేజిక్, మోకాలి వెనక మోనోఫేజిక్ అని రాశారంటే అడ్డంకి తొడలో ఉందన్నమాట. వేగాల అంకెలు సెకనుకి సెంటీమీటర్లలో ఉంటాయి. ఒకచోట 80 ఉండి ఆ వెంటనే 240 అయితే, అంటే రెండింతలు దాటి పెరిగితే, అక్కడ నాళం సగానికి పైగా ఇరుకైందని అర్థం. 'డిఫ్యూజ్ అథెరోస్క్లెరోటిక్ చేంజెస్' అన్న మాట షుగర్ ఉన్న పెద్దవాళ్లలో చాలామంది రిపోర్టుల్లో ఉంటుంది. గోడలకి కొవ్వు, కాల్షియం పట్టాయని దాని భావం. ఆ ఒక్క ముక్క చూసి ఆపరేషన్ అని హడలిపోవద్దు. పాదం దాకా రక్తం చేరుతోందా, ఎంత బలంగా చేరుతోంది అన్నదే లెక్క.

సిరల భాగంలో 'కంప్రెసిబుల్', 'ఫేజిక్', 'ఆగ్మెంటేషన్ ప్రెజెంట్' అని ఉంటే మంచిది: నొక్కితే మూసుకుంటోంది, ఊపిరితో ప్రవాహం మారుతోంది, పిక్క పిండితే పెరుగుతోంది. 'ఎస్‌ఎఫ్‌జే ఇన్‌కాంపిటెంట్' అంటే గజ్జ దగ్గర పైసిర లోపలి సిరలో కలిసే చోట కవాటం పాడైందని. పుండుకి ఇదే కారణమైతే, ధమనులు బాగుంటే, లేజర్ గానీ రేడియోఫ్రీక్వెన్సీ గానీ చేసి ఆ సిరను మూసేయొచ్చు. 'పర్ఫొరేటర్' (పైసిరని లోపలి సిరతో కలిపే చిన్న సిర) అన్న పదం పక్కన మూడున్నర మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉండి, వెనక్కి జారుతోందని రాసి, అది పుండు దగ్గరే ఉంటే సర్జన్ గారికి ప్రత్యేకంగా చూపించండి.

ఒక్క పదం విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కొన్ని రిపోర్టుల్లో ఇప్పటికీ 'సూపర్‌ఫిషియల్ ఫీమొరల్ వీన్' అని రాస్తారు. పేరు చూస్తే పైపైన ఉండే సిర అనిపిస్తుంది. నిజానికి అది తొడ లోపలి ప్రధాన సిర. అందులో గడ్డ ఉంటే అది డీవీటీయే, అంటే లోపలి సిరలో గడ్డే, రక్తం గడ్డకట్టకుండా మందులు వెంటనే మొదలుపెట్టాల్సిందే. పేరు చూసి పొరబడి పైపై గడ్డే అనుకుని పంపించేసే ప్రమాదం ఉంది కాబట్టే ఇప్పుడు ఆ పేరు మానేసి 'ఫీమొరల్ వీన్' అని రాయమంటున్నారు. మీ రిపోర్టులో ఆ పాత పేరు పక్కన 'థ్రాంబస్' (రక్తపు గడ్డ) అని కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

గడ్డ కొత్తదా పాతదా అన్నది కూడా చూస్తాం. కొత్త గడ్డ ఉన్న సిర ఉబ్బి ఉంటుంది, గడ్డ మెత్తగా, తెర మీద నల్లగా కనిపిస్తుంది. పాతదైతే సిర కుంచించుకుపోయి, గోడకి తెల్లగా మచ్చ అంటుకుని, దాని పక్కనుంచి రక్తం దారి చేసుకుని పోతుంటుంది. ఆ మచ్చ కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఒకసారి గడ్డ కట్టి మందులు వాడినవాళ్లు, కోర్సు అయిపోయాక ఇంకోసారి స్కాన్ చేయించుకుని ఆ రిపోర్టు భద్రంగా దాచుకోవాలని నేను అందరికీ చెప్తుంటాను. మళ్లీ ఎప్పుడైనా కాలు వాస్తే, ఇది పాత మచ్చా కొత్త గడ్డా అన్నది తేల్చేది ఆ కాగితమే. అది లేకపోతే అనవసరంగా నెలల తరబడి మందులు వాడాల్సి రావచ్చు.

కాలు వాపుకి గడ్డ, కవాటాలు మాత్రమే కారణాలు కావు. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు కూడా చూస్తాం. అందులో సిరలు బాగానే ఉంటాయి, వాపంతా చర్మం కింద కణజాలంలో ఉంటుంది. మోకాలి వెనక నీటి తిత్తి పగిలి పిక్కలోకి దిగితే అచ్చం డీవీటీలాగే ఎర్రబడి నొప్పెడుతుంది. డాప్లర్‌లో ఇవి తేడా తెలిసిపోతాయి. 'నో డీవీటీ' అని రాగానే డబ్బులు దండగ అనుకుంటారు కొందరు. గడ్డ లేదని తేలడం వల్ల రక్తం పలచబడే మందుల ముప్పు తప్పింది, అది తక్కువ లాభం కాదు.

ఈ పరీక్షకి చేతకానివీ ఉన్నాయి. కాల్షియం దట్టంగా ఉన్న చోట నీడ పడి వెనక ఏముందో కనిపించదు. పొత్తికడుపు లోపలి సిరలు పేగుల గాలి వల్ల మరుగున పడతాయి. కాలు బాగా వాచినా, ఒళ్లు బాగా ఉన్నా పిక్కలోని చిన్న సిరలు సరిగా దొరకవు. అందుకే మొదటి స్కాన్‌లో ఏమీ లేకపోయినా అనుమానం గట్టిగా ఉంటే ఐదు నుంచి ఏడు రోజుల్లో మళ్లీ చేయమంటారు. పిక్కలో మొదలైన చిన్న గడ్డ పైకి పాకితే అప్పుడు దొరుకుతుంది. మళ్లీ రమ్మన్నారంటే మొదటిది తప్పుగా చేశారని కాదు. ధమనుల్లో అడ్డంకి తేలి, బెలూన్ గానీ బైపాస్ గానీ ఆలోచిస్తుంటే సీటీ యాంజియోగ్రామ్ అడగొచ్చు. దానికి డై ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేయించుకోండి. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి డాప్లర్‌తోనే వీలైనంత తేల్చుకోవడం మంచిది.

ఇంటికి వచ్చి చేస్తారా అని కొందరు అడుగుతుంటారు. మన దేశంలో కష్టం. ప్రతి స్కానింగ్ సెంటర్లో 'లింగ నిర్ధారణ చేయబడదు' అన్న బోర్డు చూసే ఉంటారు. 1994 నాటి ఆ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్ ఫలానా చోట అని రిజిస్టరై ఉంటుంది, బయటికి తీసుకెళ్లడానికి కఠినమైన నిబంధనలున్నాయి. మంచం దిగలేని మనిషినైనా అంబులెన్స్‌లో సెంటర్‌కే తీసుకురావాలి.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలు కూడా చెప్పాలి. ఒక కాలు ఒక్కసారిగా వాచి, దాంతో పాటు ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం పడటం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, డాప్లర్ తర్వాత సంగతి. స్కాన్ వెంటనే దొరక్కపోతే అనుమానం బలంగా ఉన్నప్పుడు డాక్టర్లు ముందే మందు మొదలుపెడతారు. పాదం ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబోయి, తిమ్మిరెక్కి వేళ్లు కదలకపోతే అది ధమని మూసుకుపోవడం. అక్కడ గంటల లెక్క, ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. మన ఇళ్లలో పిక్క పట్టేసిందనగానే ఆముదం రాసి మర్దన చేయడం, వేడి నీళ్ల కాపడం పెట్టడం అలవాటు. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే, అందులోనూ అమెరికా నుంచి గంటల తరబడి విమానంలో కూర్చుని వచ్చాకో, ఆపరేషన్ తర్వాతో, కాన్పు తర్వాతో అయితే, మర్దన జోలికి పోవద్దు. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి కాపడం కూడా ప్రమాదమే, కాలినా తెలియదు.

మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా, ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో రెండు పరీక్షల గురించి. మెడ డాప్లర్ పక్షవాతం వచ్చినవాళ్లకి, వచ్చి పోయినవాళ్లకి చేస్తారు. తల పక్కకి తిప్పి పడుకుంటే అరగంటలో అయిపోతుంది. మెడలోని లోపలి ధమనిలో వేగం సెకనుకి 125 సెంటీమీటర్లు దాటితే సగానికి పైగా ఇరుకు, 230 దాటితే 70 శాతం లేదా అంతకు పైన ఇరుకు ఉండొచ్చని లెక్క. ఇక డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (ధమనినీ సిరనీ కలిపే ఆపరేషన్) పెట్టే ముందు చేసే మ్యాపింగ్, అంటే నాళాల కొలతలు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట్ల ఎన్నో కుటుంబాలకి ఇది తెలుసు. చేతికి రబ్బరు పట్టీ కట్టి సిరలు కొలుస్తాం. సిర రెండున్నర మిల్లీమీటర్లు, ధమని 2 మిల్లీమీటర్లు ఉంటే ఫిస్టులా నిలిచే అవకాశం బాగుంటుంది. ఆపరేషనయ్యాక ఆరు వారాలకి మళ్లీ చూసినప్పుడు నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం, 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మానికి 6 మిల్లీమీటర్ల లోపే ఉండటం కోరుకుంటాం. కిడ్నీ జబ్బు బయటపడిన రోజు నుంచే కుడిచేతి వాటం వాళ్లు ఎడమ చెయ్యిని కాపాడుకోవాలి. ఆ చేతికి సెలైన్ సూదులు, రక్తం తీయడం, బీపీ పట్టీ ఏవీ వద్దని ప్రతి ఆసుపత్రిలో నోరు తెరిచి చెప్పండి. పొడిచి పొడిచి పాడైన సిరని ఏ డాప్లరూ బాగుచేయలేదు.

మళ్లీ నాన్నగారి దగ్గరికి. రిపోర్టు చేతికి రాగానే నాలుగు చూసుకోండి. ఏబీఐ అంకె రాశారా, అది 1.4 దాటితే బొటనవేలి ప్రెషర్ ఉందా, పాదం దగ్గరి రెండు ధమనుల్లో ప్రవాహం గురించి రాశారా, సిరలు నిలబెట్టి చూశామని రాశారా. ఏది లేకపోయినా అక్కడ ఉండగానే అడిగి రాయించుకోండి, ఇంటికొచ్చాక మళ్లీ వెళ్లడం మీకూ కష్టం, ఆయనకీ కష్టం. ధమనులు బాగున్నాయని తేలితే సర్జన్ గారు కట్టు మొదలుపెడతారు, సిరల వైద్యం తర్వాత ఆలోచిస్తారు. ఏబీఐ అర కంటే తక్కువ ఉంటే గానీ, పాదానికి రక్తం సరిగా చేరట్లేదని ఉంటే గానీ, కట్టు సంగతి పక్కనపెట్టి ముందు వాస్క్యులర్ సర్జన్‌కి చూపించండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. విజయవాడ, విశాఖల్లో కూడా వాస్క్యులర్ సర్జన్లు ఉన్నారు. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ బొమ్మలు, క్రియాటినిన్ ఫలితం, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా పట్టుకెళ్లండి. అక్కడ వాళ్లు మొదట అడిగేవి అవే.